కొండ తిండి, కొట్టు తిండి



బరువు తగ్గాలనుకునే యువతీ యువకుల నోట ఈ మధ్య ‘పేలియో డైట్’ అనే మాట తరచుగా వినిపిస్తోంది. రాతియుగం మనిషి ఏం తిన్నాడో మనమూ అదే తినాలన్నది దాని సారాంశం. వ్యవసాయం మొదలై పదివేల ఏళ్లు దాటింది, అంతే. అంతకుముందు లక్షల ఏళ్లపాటు మనిషి వేటాడాడు, ఏరుకుని తిన్నాడు. మన ఒళ్లు ఆ తిండికే అలవాటు పడింది కనుక వరి, గోధుమ, పప్పులు, పాలు, పంచదార మానేసి మాంసం, చేపలు, గుడ్లు, ఆకుకూరలు, పళ్లు తినమని ఈ పద్ధతి చెబుతుంది. ఇందులో నిజమెంత, మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో మనకు పనికివచ్చేది ఎంత అన్న విషయం మీద ఈ రోజు మీతో మాట్లాడతాను.

ఈ ఆలోచనకు శాస్త్ర ప్రపంచంలో పెద్ద ప్రచారం 1985లో వచ్చింది. బోయిడ్ ఈటన్ అనే వైద్యుడు, మెల్విన్ కోనర్ అనే మానవశాస్త్రవేత్త కలిసి ఆ ఏడాది ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక వ్యాసం రాశారు. పాతరాతియుగం మనిషి తిండిలో శక్తి దాదాపు మూడో వంతు మాంసకృత్తుల నుంచి వచ్చేదనీ, రోజుకు 45 గ్రాముల పీచు ఉండేదనీ, ఉప్పు లెక్కన చూస్తే రెండు గ్రాములు కూడా దాటేది కాదనీ వాళ్లు అంచనా వేశారు. 2002లో లోరెన్ కోర్డైన్ రాసిన పుస్తకంతో ఇది ఇళ్లలోకి, వ్యాయామశాలల్లోకి పాకింది.

మన తెలుగువాళ్లకు ఇలాంటి ఉప్పెనలు కొత్త కాదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె మానమన్నారు, మొలకలూ పచ్చికూరలూ తినమన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం, పళ్లు ఆపించి కొబ్బరినూనె, నెయ్యి వంటి కొవ్వు మీద నడిపించారు. ఖాదర్ వలీ గారు కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు అనే అయిదు సిరిధాన్యాలను ముందుకు తెచ్చారు. ఒకరు నూనె వద్దంటే మరొకరు నూనే మందన్నారు. ఒకరు గింజే వద్దంటే మరొకరు గింజలోనే ఆరోగ్యముందన్నారు. విన్నవాళ్లు తికమక పడ్డారంటే తప్పు వాళ్లది కాదు.

అయితే పేలియోతో కలిపి ఈ నాలుగు దారులూ ఒక్కచోట కలుస్తాయి. పంచదార మానండి, మైదా మానండి, తెల్లగా పాలిష్ పట్టిన గింజను కంచం నిండా వడ్డించుకోవద్దు, కార్ఖానాలో తయారై పొట్లాల్లో వచ్చే తిండి దగ్గరికి పోవద్దు. ఇంతవరకూ నలుగురిదీ ఒకే మాట. ఒకరితో ఒకరికి పొసగని నాలుగు పద్ధతులు ఈ ఒక్క విషయంలో ఏకమయ్యాయంటే, వాటిని పాటించినవాళ్లు పొందిన మేలులో పెద్ద భాగం ఇక్కడిదేనని నా నమ్మకం. నా మాటకు ఆధారాలు మన నేల మీదే ఉన్నాయి.

ముందు ఆ పాతకాలపు మనిషి సంగతి చూద్దాం. విజయనగరం నుంచి శృంగవరపుకోట దాటి అనంతగిరి కొండలెక్కితే బొర్రా గుహలు వస్తాయి. ఆ గుహల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్రజ్ఞులు 30 వేల నుంచి 50 వేల ఏళ్ల నాటి రాతి పనిముట్లను కనుగొన్నారు. అంటే రాతియుగం మనిషి ఎక్కడో ఐరోపా మంచులో మాత్రమే లేడు, గోస్తనీ నది పుట్టే కొండల్లోనూ తిరిగాడు. మంచు దేశంలోని మనిషికి ఏడాదిలో చాలా నెలలు జంతువు మాంసమే దిక్కు. మన తూర్పు కనుమల్లోని మనిషికి దుంప, పండు, ఆకు, తేనె, చేప, గింజ అన్నీ అందుబాటులో ఉన్నవే. కాబట్టి రాతియుగానికంతటికీ ఒకే భోజనం ఉండేదనడం కుదరదు. ఎక్కడి మనిషి అక్కడ దొరికింది తిన్నాడు.

గింజ తినడం కూడా వ్యవసాయంతోనే మొదలవలేదు. దక్షిణ ఇటలీలోని పాలిచ్చి గుహలో దొరికిన 32 వేల ఏళ్ల నాటి నూరుడు రాయి మీద అడవి ఓట్ల పిండి ఆనవాళ్లు కనిపించాయి. గలిలయ సరస్సు ఒడ్డున ఒహాలో అనే చోట 23 వేల ఏళ్ల కిందటే మనుషులు అడవి బార్లీ, అడవి గోధుమ ఏరి తిన్నారు. మన నల్లమలలోని చెంచుల జీవితం గురించి హైమెన్‌డార్ఫ్ 1943లో రాసిన పుస్తకం చదివినా ఇదే తెలుస్తుంది. వేట పేరు పెద్దది కానీ, రోజూ కడుపు నింపింది మాత్రం గునపంతో తవ్వి తీసిన దుంపలు, అడవి పళ్లు, ఆకులు. ‘గింజ ముట్టకు’ అన్న నియమానికి పూర్వీకుల సాక్ష్యం లేదు.

ఆ పాత జీవితాల్లో ఎక్కడ చూసినా కనిపించేవి వేరే ఉన్నాయి. తిండి పుట్టిన చోటికి దగ్గరగా ఉండేది. ఏడాది పొడుగునా రుతువును బట్టి మారేది, అందువల్ల రకాలు ఎక్కువ. పీచు ఎక్కువ, ఉప్పు తక్కువ, తీపి ఎప్పుడో దొరికే తేనె, పండు. ఆ తిండి కోసం ఒళ్లు వంచి పని చేయాల్సి వచ్చేది. ఆనాటి తిండిని మన తిండితో పోల్చాలంటే చూడవలసింది ఈ లక్షణాలనే.

ఇప్పుడు మన కొండల్లోకి వెళదాం. సీతంపేట, భద్రగిరి, కురుపాం వైపు సవరలు, జాతాపులు ఉన్నారు. వాళ్లను రాతియుగం మనుషులనడం అజ్ఞానం, అమర్యాద కూడా. వాళ్లు మనలాంటి ఈ కాలపు పౌరులు, మంచి సేద్యగాళ్లు. కొండవాలు మీద పోడులో చోళ్లు, సామలు, కొర్రలు, జొన్నలు, కందులు కలిపి పండించడంలో వాళ్లకు తరాల నేర్పుంది. ఒక పంటకు వాన చాలకపోతే మరో పంట నిలబడుతుంది. ఆ పొలానికి తోడు అడవి ఉంది. ఎండల్లో మామిడి, పనస, ఈత పళ్లు, ఇప్పపువ్వు. వానలు పడగానే వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, పేరు పేరునా గుర్తుపట్టి కోసుకునే ఆకుకూరలు. చలికాలంలో ఉసిరి, రకరకాల అడవి దుంపలు. కొన్ని దుంపల్లో విషముంటుంది. వాటిని ముక్కలు కోసి, ఉడికించి, పారే నీటిలో ఉంచి, చేదంతా పోయాక తినడం ఆ ఆడవాళ్లకు తెలిసిన విద్య.

పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవరలను ఇంటికి పిలిచి, వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. వ్యాకరణం, నిఘంటువు రాశారు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆ మహానుభావుడు భాష విషయంలో చూపిన వినయాన్ని మనం తిండి విషయంలో చూపించాలి. పేలియో పుస్తకంలో వెతుక్కునే వైవిధ్యం మనకు వారపు సంతలో గంపలో కనిపిస్తుంది.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పకపోతే అది మోసం. అడవి తిండి అంటే అంతా సుఖం కాదు. వానాకాలం మధ్యలో పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లో కొండ మీద ఆకలి ఉంటుంది. అప్పుడు మామిడి టెంకలోని జీడి ఎండబెట్టి పిండి చేసి జావ కాచుకుంటారు. 2001లో మన పార్వతీపురం సరిహద్దుకు అవతల, ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో అలాంటి టెంక జావ తాగి గిరిజనులు చనిపోయారు. దేశమంతా కలత పడిన సంఘటన అది. ఆకలి తప్పక తిన్న తిండిని ఆరోగ్య సూత్రంగా పొగిడే హక్కు కడుపు నిండిన మనకు లేదు. కొండవాళ్ల తిండిలోని వైవిధ్యం గొప్పదే. ఆ వైవిధ్యానికి ఏడాది పొడుగునా కడుపు నిండే భరోసా తోడైతేనే దాన్ని ఆదర్శమనగలం.

ఇక మైదానానికి దిగుదాం. మన పక్క రాగులను చోళ్లంటాం, సజ్జలను గంటెలంటాం. నాగావళి, వంశధార, చంపావతి నదుల నీళ్లు అందని మెట్ట భూముల్లో ఇవే ప్రాణాధారం. చోడి అంబలి ఎలా కాస్తారో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, పిల్లల కోసం చెబుతాను. చోడి పిండిని రాత్రి నీళ్లలో కలిపి ఉంచుతారు. తెల్లారేసరికి పులుస్తుంది. మర్నాడు నూకలు ఉడుకుతున్న ఎసట్లో ఆ పిండినీళ్లు పోసి, ఉండ కట్టకుండా కలియబెట్టి దించుతారు. చల్లారాక ఉల్లిపాయో, పచ్చిమిరపకాయో, కాల్చిన ఎండుచేపో నంజుకుని తాగి పొలం పోతారు.

గింజల్లో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది, అది ఇనుము, కాల్షియం వంటి ఖనిజాలను ఒంటికి పట్టనివ్వదు, అందుకే గింజలు మానాలి అని పేలియోవాళ్లు వాదిస్తారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఫైటిక్ ఆమ్లం అడ్డు పడే మాట వాస్తవమే. కానీ పిండిని పులియబెట్టినా, గింజను మొలకెత్తించినా దాని పట్టు బాగా సడలుతుంది. రాత్రంతా పులిసిన అంబలి కుండలో జరిగేది ఇదే. ప్రయోగశాలలు పుట్టకముందే మన పల్లె వంటిల్లు ఆ చిక్కు విప్పుకుంది. పైగా 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే తూకం తెల్లబియ్యంలో ఉండేది పది మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. పాలు కొనలేని ఇంటికి ఎముక బలం చోడి కుండలోంచే వచ్చేది.

విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం చిరుధాన్యాల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. అక్కడి శాస్త్రవేత్తలు రూపొందించిన చోడి రకాలకు చంపావతి, వేగావతి అని మన నదుల పేర్లే పెట్టారు. ఇంత ఆస్తి చేతిలో ఉండి మనం చోడిని ఎందుకు వదులుకున్నాం?

పెద్ద కారణం బియ్యం అందుబాటులోకి రావడం. 1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆ పథకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అన్నం పండగ రోజు తినే వస్తువుగా ఉన్న ఇళ్లలో రోజూ పొయ్యి మీద అన్నం ఉడికింది. ఆకలి తీర్చిన పథకం అది. అయితే ఆ తరవాత చౌక దుకాణంలో బియ్యమే దొరికింది, చోళ్లు దొరకలేదు. దంపుడు పోయి పాలిష్ వచ్చింది. చోడి అంబలి తాగడం పేదరికానికి గుర్తని, తెల్లన్నం తినడం పరువని పిల్లలకు నేర్పాం. చోడి వేసిన మెట్టల్లో జీడి, సరుగుడు, నీలగిరి తోటలు లేచాయి.

పాలిష్ బియ్యం దెబ్బ మన తీరానికి కొత్త కూడా కాదు. ఉత్తర సర్కారుల్లో, అంటే గంజాం, విశాఖ మొదలుకొని మన కోస్తా అంతటా బెరిబెరి అనే జబ్బు బాగా ఉండేది. కాళ్లు వాచడం, తిమ్మిరెక్కడం, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. మాల్కమ్‌సన్ అనే వైద్యుడు దాని మీద 1835లోనే మద్రాసులో గ్రంథం ప్రచురించాడు. కారణం తేలడానికి ఆ తరవాత చాలా కాలం పట్టింది. తవుడుతోపాటు పోయే బి1 విటమిన్ కొరతే దానికి మూలం. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో మెకారిసన్, ఆ తరవాత ఐక్రాయిడ్ బియ్యం మీద పనిచేసి, ఉడకబెట్టి ఆరబెట్టిన వడ్లను మరపట్టిస్తే ఆ విటమిన్ చాలావరకు నిలుస్తుందనీ, పచ్చి వడ్లను తెల్లగా మరపట్టిస్తే పోతుందనీ వివరించారు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థగా పేరు తెచ్చుకుంది. ఒక్క తవుడు పొర తీసేసినందుకే మన ముందుతరాలు కాళ్లు పట్టుకుపోయి మంచాన పడ్డాయి. ఈ రోజు మనం తీసేస్తున్నవి, కలుపుతున్నవి అంతకంటే చాలా ఎక్కువ.

ఇప్పటి తిండిని ఒకసారి చూడండి. పొద్దున్న టీ, బిస్కెట్టు. పదింటికి మైసూరు బజ్జీ. మధ్యాహ్నం కంచం నిండా తెల్లన్నం, పక్కన చెంచాడు కూర. సాయంత్రం పిల్లాడి చేతిలో కుర్కురే పొట్లం, శీతలపానీయం. రాత్రి నూడుల్సు. కేంద్ర ప్రభుత్వం 2022-23లో చేసిన కుటుంబ వ్యయ సర్వే ప్రకారం దేశంలోని పల్లెటూళ్లలో నెల ఖర్చులో బియ్యం, గోధుమ వంటి ధాన్యాలకు పోయేది 5 శాతం లోపే. పానీయాలకు, తయారు తిండ్లకు పోయేది 9 శాతం పైన. పల్లెటూరి ఇల్లు ధాన్యం కంటే పానీయాలకు, తయారు తిండ్లకు ఎక్కువ ఖర్చు పెడుతోంది. చౌక బియ్యం వల్ల ధాన్యం ఖర్చు తగ్గిన మాట నిజమే కానీ, మిగిలిన డబ్బు ఎటు పోతోందో కూడా ఈ లెక్కలో ఉంది.

పొట్లం తిండి ఒంటిని ఏం చేస్తుందో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రచురించింది. 20 మందిని తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు కార్ఖానా తిండి, రెండు వారాలు ఇంటి వంటలాంటి తిండి పెట్టారు. ముందు పెట్టిన పళ్లెంలో కేలరీలు, పంచదార, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానం. కావలసినంత తినమన్నారు. కార్ఖానా తిండి రోజుల్లో ఒక్కొక్కరూ రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, కిలోకు దగ్గరగా బరువు పెరిగారు. రెండోరకం తిండిలో దాదాపు అంతే తగ్గారు. లోపం మనిషి నిగ్రహంలో లేదు, ఆ తిండి తయారీలోనే ఉంది. ఇక మన దేశం సంగతికి వస్తే, భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, పెద్దవాళ్లలో నూటికి 11 మందికి పైగా దాని బారిన పడ్డారని అది చెప్పింది.

మరి పేలియో పద్ధతినే పట్టుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. పంచదార, మైదా, పొట్లాలు మానడం వరకు నిస్సందేహంగా మంచిదే. మిగిలిన భాగం మనకు నప్పదు. రోజూ మూడుపూటలా మాంసం, గుడ్లు, బాదంపప్పులు కొనగల ఇళ్లు మన దగ్గర ఎన్ని? పప్పు మానమంటే కూలి కుటుంబానికి మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? కంది, పెసర, ఉలవ మన పేదవాడికి బలం.

దీనికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు శ్రోతలు దయచేసి శ్రద్ధగా వినండి. మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను చీకటి చేసిందో మీకు తెలుసు. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు కూడా. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు మాంసకృత్తులు మోతాదు మించి తింటే వాటిపై భారం మరింత పెరుగుతుంది. ఆ జబ్బు మొదట్లో పైకి కనిపించదు. కాబట్టి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా, డాక్టరు గారిని అడగకుండా, వీడియో చూసి మాంసం ఎక్కువగా తినే పద్ధతుల్లోకి ఎవరూ దిగవద్దు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం ఆపేస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పే ప్రమాదముంది. మందు మోతాదు డాక్టరు సరిచేశాకే తిండి మార్చాలి.

ఏం తినాలి అన్నదానికి నా జవాబు మన ఊళ్లోనే ఉంది. రోజుకు ఒక పూట చోడి అంబలి గానీ, గంటెల రొట్టె గానీ, కొర్రన్నం గానీ పెట్టుకుందాం. అంబలిని ఇంట్లోనే పులియబెట్టి కాద్దాం. పంచదార కలిపిన పొట్లం రాగి మాల్టు దానికి సాటి రాదు. అన్నం తినేవాళ్లు తక్కువ పాలిష్ బియ్యం అడగండి, కంచంలో సగం కూరకు, ఆకుకూరకు వదలండి. పొన్నగంటి, తోటకూర, బచ్చలి, గోంగూర, మునగాకు మన పెరట్లో పెరిగేవే. చేపలు తినేవాళ్లకు భావనపాడు, కళింగపట్నం తీరాల నుంచి వచ్చే కవళ్లు, నెత్తళ్లు ఖరీదైన చేపలకు పోషణలో తీసిపోవు. తినే ఇళ్లలో గుడ్డు ఉండనే ఉంది. ఉలవలు, పెసలు వారంలో రెండు మూడు సార్లు వండండి. ఈత పండు, తాటి ముంజ, పనస, తేగ వచ్చే రోజుల్లో పిల్లలకు అవే చిరుతిండిగా పెట్టండి. ఎండుచేపలు, ఊరగాయల్లో ఉప్పు ఎక్కువ కనుక నంజుకునేంతే వేసుకోండి. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పూర్వం తిండి కోసం ఒళ్లు కష్టపడేది, ఇప్పుడా కష్టం లేదు కనుక రోజూ నడవండి.

ఇళ్లు చేయగలిగింది ఇది. ప్రభుత్వం చేయవలసింది కూడా ఉంది. చౌక దుకాణాల్లో, అంగన్‌వాడీల్లో, గిరిజన వసతిగృహాల్లో బియ్యంతోపాటు చోళ్లు, కొర్రలు క్రమంగా అందాలి. వాటిని పండించే మెట్ట రైతుకు, పోడు రైతుకు గిట్టుబాటు ధర దొరకాలి. చిరుధాన్యాలు పట్నం అంగడిలో అందమైన పొట్లాలకెక్కి ధర పెరిగిన ఈ రోజుల్లో, వాటిని పండించిన సవర తల్లి తన గింజలు అమ్ముకుని రేషన్ బియ్యంతో సరిపెట్టుకోవలసి రావడం అన్యాయం. మంచి తిండి కొనగలవాళ్ల సరదాగా మిగలకూడదు.

రాతియుగం మనకు చాలా దూరం. మన అమ్మమ్మలు, నాయనమ్మలు యాభై ఏళ్ల కిందట వండిన తిండి మనకు దగ్గర. ఆ వంటలు చేతనైనవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ వారంలోనే మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని అంబలి కాయడం, ఆకులు గుర్తుపట్టడం నేర్చుకోండి. మీ పిల్లలకూ నేర్పండి. ఇదే మీ అందరికీ నా విన్నపం.